విలోమ కల్పన: పావులూరి గణితం – సృజన మనస్తత్వం

పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’ను సాహిత్య చరిత్రలు సాధారణంగా రెండు మూడు వాక్యాలతో దాటవేస్తాయి. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసారసంగ్రహా’నికి అది తెలుగు సేత, తెలుగులో తొలి శాస్త్రగ్రంథమన్న ప్రసిద్ధీ దానికుంది. ‘తొలి’ అన్న మాట గౌరవం తెచ్చింది గాని, ‘అనువాదం’ అన్న మాట దాని సృజన విలువను ముందే తేల్చివేసింది. ఆ తీర్పు పునఃపరిశీలింపదగినది.

కల్పన అంటే అసంఖ్యాకమైన సంయోగాల నుంచి పనికివచ్చే కొద్దింటిని ఎన్నుకోవడమేనని 1908లో ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాయింకరే ప్రతిపాదించాడు. గణిత రంగంలో కల్పనా మనస్తత్వంపై 1945లో గ్రంథం వెలువరించిన జాక్ హడమార్డ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, తాను నిజంగా ఆలోచించే వేళ మాటలు మనసులో ఉండనే ఉండవన్నాడు. ఐన్‌స్టీన్ ఆయనకు రాసిన లేఖ ధోరణీ అదే. దీన్ని యథాతథంగా స్వీకరిస్తే పద్యగణితమంతా, ముందే పూర్తయిన ఆలోచనకు తొడిగిన వస్త్రమవుతుంది.

భూతసంఖ్యా పద్ధతిలో రెండును నేత్రమనవచ్చు, కరమనవచ్చు. నాలుగును వేదమనవచ్చు, సముద్రమనవచ్చు. ఏ పదం నిలవాలో గణమూ యతీ నిర్ణయిస్తాయి. అది భాషా సృజనే గాని గణిత సృజన కాదని హడమార్డ్ పక్షంవారు అంటే కాదనలేం. అసలు ఆధారం లెక్క అల్లికలో ఉంది. ఒక రాశిలో సగం, మూడోవంతు, ఏడోవంతు పోగా ఒకటి మిగిలితే రాశి ఎంత? చదువరి మిగిలిన ఒకటి నుంచి 42కు చేరుతాడు. లెక్క కట్టినవాడు 42 నుంచి బయలుదేరి 21, 14, 6గా విడదీసి, ఆ భాగాలకు ఒదిగే కథను వెదుకుతాడు. సమస్యాపూరణమూ ఇంతే కదా! చివరి పాదం చేతికొచ్చాకే తొలి మూడు పాదాలు పుడతాయి. ఈ వెనుక నడకలో కథ వస్త్రం కాదు. ఏ భాగాలు పొసగుతాయో, ఏవి పొసగవో చెప్పే కట్టడి.

మల్లన మూలంలోని జైన సందర్భాలను శైవంగా మార్చాడన్నది విదితమే. సంఖ్యలు యథాతథంగా ఉండి దేవుడొక్కడే మారిన చోట హడమార్డ్ మాట చెల్లుతుంది. సంఖ్యలూ మారిన చోట కవి జవాబు నుంచి వెనక్కి నడిచినట్టే. మూలంతో లెక్కకు లెక్క సరిచూసి ఈ రెండు తరగతులను విడదీయనిదే ‘అనువాదం’ అన్న ముద్ర నిలవదు, తొలగదు.