కర్ణుడిది ఏ క్లాసు?

తెలుగువాడు ఏ దేశం వెళ్ళినా ఒక సామెతని మాత్రం సామాన్లలో సర్దుకునే వెళ్తాడు: రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని. అమెరికా తెలుగు కథల్లో చాలా వాటిని ఆ సామెతకి వ్యాఖ్యానాలుగా చదువుకోవచ్చు. అయితే ఇదే సమస్య గురించి, మనతో ఏ సంబంధమూ లేని అమెరికన్లు కొందరు యాభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన ఏ నవల్లోనో లేదు, ఒక ఆట నిబంధనల పుస్తకంలో ఉంది. దాన్ని కాస్సేపు సాహిత్యంలాగే చదువుదామని నా ప్రయత్నం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించగా, 1974లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. దానికి ఒక బల్ల, నలుగురు మనుషులు, పాచికలు, పెన్సిళ్ళు ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలో పాత్రా అవుతారు. ప్రతి పాత్రకీ ఒక క్లాస్ ఉంటుంది. అంటే యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ, ఇలాగ. అనుభవంతో పాటు లెవెల్ పెరుగుతుంది. యోధుడికి మామూలుగా మంత్రాలు రావు. మరి నడివయసులో వాడికి మంత్రాల మీద మనసు పుడితే?

1974 పుస్తకం చెప్పిన జవాబు నాకు చాలా నవ్వు తెప్పిస్తుంది. ఎల్ఫ్ అనే అడవి జాతివాళ్ళు ఒక సాహసంలో యోధులుగా, ఇంకో సాహసంలో మాంత్రికులుగా ఉండొచ్చట. ఒకే ఆట మధ్యలో మాత్రం మారకూడదట. వారమంతా ఆఫీసు, శనాదివారాలు తెలుగు సంఘం! ఈ రూలు రాసినాయనకి మన సంగతి ఎవరు చెప్పారో తెలీదు.

1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అంత ఉదారంగా లేదు. మనుషులు కాని జాతులు, సగం మనిషి సగం ఎల్ఫ్ అయినవాళ్ళు, మొదటినుంచీ రెండు మూడు క్లాసుల్లో కలిసి పెరగొచ్చు, సంపాదించిన అనుభవాన్ని వాటికి సమానంగా పంచుకోవాలి. మనిషికి ఆ వీలు లేదు. మనిషి పాత వృత్తిని వదిలేసి, కొత్తదాంట్లో ఒకటో లెవెల్ నుంచి ఎక్కాలి. దానికి కూడా పాత వృత్తికి ముఖ్యమైన గుణం పదిహేను, కొత్తదానికి పదిహేడు ఉండాలి. మామూలు మనిషికి అందే అంకెలు కావవి. ఎక్కుతున్నన్నాళ్ళూ పాత విద్య వాడకూడదు. ప్రాణం మీదికొచ్చి ఒకసారి వాడాడా, ఆ సాహసానికి అనుభవం సున్నా. కొత్త లెవెల్ పాతదాన్ని దాటిన రోజునే రెండూ చేతికొస్తాయి.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే విశ్వామిత్రుడు గుర్తొచ్చాడు. రాజ్యం వదిలేశాడు, ధనుస్సు పక్కన పెట్టాడు, అయినా పాత క్షత్రియ కోపం బయటికొచ్చి రంభని శపించిన ప్రతిఫలంగా పోగేసిన తపస్సు ఖర్చయిపోయింది. వసిష్ఠుడి నోట బ్రహ్మర్షి అనిపించుకునేదాకా ఆయన ఉన్నది ఈ రూలు కిందే. గైగాక్స్ బాలకాండ చదివి ఉంటాడని నేననను. కష్టమైన విషయం గురించి నిజాయితీగా ఆలోచించినవాళ్ళు దగ్గర దగ్గర చోట్లకే చేరతారని మాత్రం అంటాను.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ గేట్లన్నీ తీసేసింది. ఎవరైనా, ఏ లెవెల్లోనైనా, ఏ క్లాసైనా. తీరా చూస్తే మాంత్రికుడిగా ఐదు, పూజారిగా ఐదు లెవెల్స్ ఎక్కినవాడు రెండిట్లోనూ ఐదో లెవెల్ వాడిగానే మిగిలాడు. పక్కన పది లెవెల్స్ ఒకేదాంట్లో ఎక్కినవాడు ఐదో మెట్టు మంత్రాలు వేస్తుంటే, ఇతను మూడో మెట్టు దగ్గరే. సామెత నిజమైంది. దాన్ని సరిచెయ్యడానికి రెండు విద్యలూ ఒకేసారి పెరిగే మిస్టిక్ థియర్జ్ అనే క్లాసుని 2003 నాటి గైడులో పెట్టారు. రెండు పడవల్ని జతకట్టి పైన బల్లలు పరిచిన పంటులాంటిది. పనిచేస్తుంది గానీ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది 2014 నాటి ఐదో ఎడిషన్ గురించి. ఇందులో మంత్రం వెయ్యడానికి రెండు కావాలి. ఒకటి మంత్రం తెలిసుండటం. రెండోది స్లాట్, అంటే ఆ రోజుకి ఖర్చుపెట్టుకోగల శక్తి. స్లాట్లకి మెట్లున్నాయి. మాంత్రికుడిగా మూడు, పూజారిగా మూడు లెవెల్స్ ఉన్నవాడికి స్లాట్లు ఆరో లెవెల్ వాడితో సమానం: మొదటి మెట్టువి నాలుగు, రెండోవి మూడు, మూడోవి మూడు. మంత్రాలు మాత్రం ఏ క్లాసుకి ఆ క్లాసు విడిగా లెక్క. అందుకని ఇతనికి మూడో మెట్టు స్లాట్లున్నాయి, మూడో మెట్టు మంత్రం ఒక్కటీ రాదు. ఆరు లెవెల్స్ ఒకేదాంట్లో ఎక్కిన మాంత్రికుడు ఫైర్‌బాల్ వేస్తాడు, ఇతను వెయ్యలేడు. పెద్ద గిన్నెలున్నాయి, వండటానికి చిన్న వంటలే వచ్చు. అయితే చిన్న మంత్రాన్నే పెద్ద స్లాట్లో వెయ్యొచ్చు. మామూలుగా మూడు బాణాలొదిలే మ్యాజిక్ మిసైల్ అప్పుడు ఐదొదులుతుంది.

వార్లాక్ అనేవాడి లెక్క వేరు. వాడి శక్తి ఎవరో లోకాతీత జీవి దగ్గర ఒప్పందం మీద తెచ్చుకున్నది, ఈ మొత్తంలో కలవదు. హెచ్-1బి వీసా మీద వచ్చినవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

శక్తి కలుస్తుంది, విద్య కలవదు. రెండు సంస్కృతుల మధ్య బతికేవాళ్ళ గురించి నేను చదివిన వాటిల్లో ఇంత కచ్చితమైన మాట తక్కువ. మన కథల్లో మనుషుల్ని త్రాసులో తూచినట్టు సగం అక్కడ, సగం ఇక్కడ పెడతాం. ఆ లెక్క తప్పు. నాకు తెలిసిన ఒకింటి అమ్మాయికి పదిహేనేళ్ళు. ఆ పిల్ల బుద్ధి ఎక్కడా సగం కాదు. తెలుగు మాత్రం ఐదేళ్ళ పిల్లదే. తాతగారు పోయినప్పుడు ఫోన్లో అమ్మమ్మతో ఏం మాట్లాడాలో తెలీక కాస్సేపు ఊరుకుని, చివరికి, "తాతయ్యకి నొప్పి పోయిందా అమ్మమ్మా?" అంది. ఐదేళ్ళ పిల్లకి వచ్చే మాటలే అవి. ఐదేళ్ళ పిల్ల అడగగలిగే ప్రశ్న కాదు.

పెద్దవాళ్ళం మనమూ తక్కువేం కాదు. ఇరవై ఐదేళ్ళకి విమానం ఎక్కినప్పుడు ఎంత తెలుగుందో, అక్కడే ఆగింది చాలామందికి. ఆ తరవాత పోగైన అనుభవం, లేఆఫులు, పిల్లల పెంపకం, దూరాన చూడకుండానే పోయిన తల్లిదండ్రులు, ఇవన్నీ పెద్ద స్లాట్లు. వాటిలో వేస్తున్నది కాలేజీ రోజుల మంత్రాలే. మన సంకలనాల్లో కథకి బరువు ఉండి వాక్యానికి లేకపోవడం తరచుగా కనిపిస్తే, అది రచయిత మనసులో లోపమనుకోను. కొత్త లెవెల్ తెలుగు విడిగా ఎక్కాల్సిందే, అమెరికా అనుభవం దాని ఖాతాలో జమ కాదు.

ఇంత మెచ్చుకున్నాక ఫిర్యాదు కూడా చెప్పాలి. 2014 రూలులో కొత్త క్లాసులో చేరడానికి రెండు క్లాసుల ముఖ్య గుణాలూ పదమూడు ఉంటే సరి. నిన్నటిదాకా కత్తి తిప్పినవాడు ఇవాళ ఆరు మంత్రాలున్న పుస్తకంతో నిద్రలేస్తాడు. ఎవరు నేర్పారు? దేనికి బదులుగా? పుస్తకం పట్టుబట్టి అడగదు. భారతం అడిగింది. వ్రతనిష్ఠ ఉన్న బ్రాహ్మణుడికో, తపస్సు చేసిన క్షత్రియుడికో తప్ప బ్రహ్మాస్త్రం చెప్పనన్నాడు ద్రోణుడు. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని చెప్పుకుని పరశురాముడి దగ్గర నేర్చాడు. విద్య నిజంగానే వచ్చింది, కావలసిన వేళ గుర్తురాదన్న శాపంతో పాటు. గురువు అర్హత పేరుతో మూసిన తలుపు కర్ణుడి కథలో ఎంత అన్యాయమో మనకి తెలుసు, ఆ తలుపు తీసేసినందుకు ఆటని తప్పుపట్టను. తలుపుతో పాటు గురువునీ తీసేశారు, అదీ నా బాధ.

2024లో మళ్ళీ సవరించిన పుస్తకం వచ్చింది. పాలడిన్ అనే మతయోధుడి లెవెల్స్‌లో సగమే మంత్రశక్తి లెక్కలోకి వస్తాయి. ఇదివరకు ఆ సగాన్ని కిందికి దించేవారు, ఒక్క లెవెల్ ఉంటే సున్నా. ఇప్పుడు పైకి తీసుకుంటున్నారు, ఒక్క లెవెల్ ఉన్నా ఒకటే. మంచి మార్పు. గురువు ఊసు మాత్రం ఇప్పటికీ ఆడేవాళ్ళ ఇష్టమే. మా బల్ల దగ్గర పిల్లలెవరైనా క్లాస్ మారతామంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నావో పేరు రాసి చూపించమంటున్నాను. మొన్న ఒకడు విసుక్కుంటూ వాళ్ళ నాన్నమ్మ పేరు రాశాడు, ఇంగ్లీషు అక్షరాల్లో.