యాభై అడిగితే యాభై ఒకటి తీసిచ్చేవాళ్లు

"సార్, ఈ పాత లాటిన్ వ్యాఖ్యానంలో యాభయ్యో కీర్తన అంటే దావీదు పశ్చాత్తాపపడిన కీర్తన అని రాశాడు. మన బైబిల్లో యాభై తీస్తే ఆసాపు కీర్తన వస్తోంది. అచ్చుతప్పా?" బి.డి. రెండో ఏడాది కుర్రాడు సెమినరీ లైబ్రరీ కౌంటరు ముందు నిలబడి అడుగుతాడు. కౌంటరు వెనక మనిషి చేతిలో పని ఆపడు. "యాభై ఒకటి తియ్యి బాబూ" అంటాడు.

అంతే, అయిదు సెకన్ల పని. దాని వెనక ఎంత చదువుందో చూడండి. గ్రీకు బైబిలు, దాని వెంట నడిచిన లాటిన్ బైబిలు హెబ్రీలోని 9, 10 కీర్తనలను ఒక్కటిగా కలిపేశాయి. అక్కణ్నుంచి లెక్క ఒకటి వెనకబడుతుంది. 114, 115 మళ్లీ కలుస్తాయి. 116 రెండుగా చీలుతుంది. 147 కూడా చీలాక, 148 దగ్గర రెండు లెక్కలూ రాజీ పడతాయి. మన వాడుక తెలుగు బైబిలు హెబ్రీ లెక్క. పాత కాథలిక్కు గ్రంథాలది లాటిన్ లెక్క. ఇది చాలదన్నట్టు హెబ్రీ ప్రతులు కీర్తన పైనున్న శీర్షికను కూడా వచనాల్లో కలిపి లెక్కిస్తాయి. అందుకే యాభై ఒకటో కీర్తనలో మన మొదటి వచనం అక్కడ మూడోదవుతుంది. ఇదంతా నోటికొచ్చిన మనిషిని మన సంఘాలు "లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆయన" అంటాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ విద్యలో ఇంకో పట్టు చెబుతాను. ఫుట్‌నోటులో "పి.ఎల్. 32, 659" అని ఉంటుంది. కొత్తవాడు 32వ సంపుటం అందుకుని 659వ పేజీ కోసం తిరగేస్తాడు. అది పేజీ అంకె కాదు, కాలమ్ అంకె. ఫ్రాన్సులో జాక్ పాల్ మీన్యె అనే ప్రీస్టు 1844లో మొదలుపెట్టి లాటిన్ సంఘపితరుల రచనలను సూచికలతో కలిపి 221 సంపుటాలుగా అచ్చు వేశాడు. పి.ఎల్. అంటే అదే. తర్వాత గ్రీకువి 161. ఒక్క మనిషి సంకల్పం! ప్రతి పేజీలో రెండు కాలమ్‌లు, ప్రతి కాలమ్‌కు విడి అంకె, మధ్యలో పైనుంచి కిందికి ఏ, బీ, సీ, డీ అక్షరాలు. 32వ సంపుటం 659వ కాలమ్ తెరిస్తే అగస్టీను ఒప్పుకోళ్ల గ్రంథం మొదలవుతుంది. పండితులంతా ఇప్పటికీ ఈ అంకెలతోనే ఉటంకిస్తారు. మీన్యె అచ్చుకూటం 1868లో కాలి బూడిదైంది. ఆయన వేసిన అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ గుట్టు తెలిసిన లైబ్రేరియన్ కుర్రాడి చేతికి సంపుటం ఇస్తూ ఒక కాగితం ముక్క సరైన చోట పెట్టి మరీ ఇస్తాడు. ఎవరూ చెప్పకపోయినా పెట్టే ఆ కాగితం ముక్కను నేను గొప్ప సేవ అంటాను.

ఇక ఈ కళకు గురుపీఠం ఎవరిదంటే జూలియా పెట్టీ పేరు చెబుతాను, ఎవరు కాదన్నా సరే. న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీ 1836లో పుట్టింది. 1838లో జర్మనీ కాథలిక్కు పండితుడు లియాండర్ ఫాన్ ఎస్ సేకరించిన పుస్తకాలను మొత్తంగా కొనేసింది. అచ్చుయంత్రం పుట్టిన తొలినాళ్ల ముద్రణలే అందులో 400కు పైగా ఉన్నాయి. అంత నిధిలో కావలసిన పుస్తకం దొరికించుకోవడమే అసలు పని. 1909లో పెట్టీ అక్కడ చేరి, ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇది ఎవరి కోసం, దేని పక్కన ఉండాలి అని ఆలోచిస్తూ ముప్ఫై ఏళ్లు గడిపింది. ఆ పద్ధతి పుస్తకంగా కూడా వచ్చింది. ఎన్నో సెమినరీలు దాన్ని తెచ్చుకున్నాయి. యూనియన్ సెమినరీ తర్వాత వేరే వర్గీకరణకు మారిపోయింది, నిజమే. అయినా ఒక దైవశాస్త్ర విద్యార్థి బుర్ర ఏ దారిన నడుస్తుందో అల్మారాలో చూపించిన ఘనత ఆమెదే.

పుస్తకాల వర్గీకరణలో డ్యూయీ పద్ధతి మీద నాకు అంత భక్తి లేదు. 1876లో ఆయన మతానికి 200 ఇచ్చాడు. అందులో 220 నుంచి 280 దాకా బైబిలూ క్రైస్తవమూ. మిగతా లోకంలోని మతాలన్నీ 290లో సర్దుకోవాలి. మన దేశంలో సెమినరీ అంటే హిందూ ధర్మమూ ఇస్లామూ కూడా పాఠ్యాంశాలే. 294.5 దగ్గర అల్మారా కిక్కిరిసిపోతుంది. పైగా శంకరుడూ రామానుజుడూ తత్వశాస్త్రం కిందికి, 181.48కి వెళ్లిపోతారు. భక్తి మీద పరిశోధన చేసేవాడు ఆ అల్మారాకూ ఈ అల్మారాకూ తిరగాల్సిందే. మన మద్రాసులో కూర్చుని రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చినప్పుడు మతాలకు క్యూ అక్షరం ఇచ్చి, క్యూ1 వైదికం, క్యూ2 తర్వాతి హిందూమతం, క్యూ4 బౌద్ధం, క్యూ6 క్రైస్తవం, క్యూ7 ఇస్లాం అని ఒకే బల్ల మీద కూర్చోబెట్టాడు. మనవాడు కదా అని పొగుడుతున్నానని అనుకుంటే అనుకోండి. పాఠకుడి సమయం ఆదా చేయమని సూత్రం రాసినవాడు రాసినట్టే చేశాడు.

రోజువారీ పనుల్లో బయటికి కనిపించేది నోటీసు బోర్డు. ఈ నెల వచ్చిన పుస్తకాల పట్టిక, పరీక్షల ముందు పెంచిన వేళలు, ఇంటికివ్వని రిజర్వ్ పుస్తకాల జాబితా. కొన్ని చోట్ల కొత్తగా వచ్చిన పత్రికల విషయసూచిక పేజీలు జిరాక్స్ తీసి అధ్యాపకుల బల్లల మీద పెట్టే అలవాటు ఉండేది. యోబు గ్రంథం మీద పనిచేస్తున్న అధ్యాపకుడికి యోబు మీది వ్యాసం దగ్గర పెన్సిలు గీత. దీన్నే పెద్ద ఎత్తున చేసింది అమెరికా దైవశాస్త్ర గ్రంథాలయాల సంఘం. 1940లలో పుట్టి, కొన్నేళ్లలోనే మతవిషయక పత్రికల వ్యాసాలకు సూచిక కట్టడం మొదలుపెట్టింది. ఈ రోజు సెమినరీల్లో వెతికే ఆట్లా డేటాబేసుకు వేరు అదే.

కాగితం సంగతి క్లుప్తంగా చెబుతాను. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి కలపగుజ్జు, పటిక కలిసిన కాగితం వచ్చింది. దానిలోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది. మద్రాసులో మిషనరీగా పనిచేసి జర్మనీ వెళ్లిన బెంజమిన్ షుల్ట్జే 1746, 1747లలో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అప్పటి కాగితం గుడ్డపీలికల గుజ్జు. దానికి నూరేళ్ల తర్వాత వచ్చిన మిషన్ పుస్తకాలు మాత్రం తెరిస్తే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి.

అలా రాలే పుటను బాగుచేయగల చెయ్యి చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. చిరుగు అంచులను ముందు చేత్తో సర్ది, పలచటి జపాన్ కాగితాన్ని కత్తెర పెట్టకుండా తడి గీత గీసి చింపుతారు. చింపిన చోట నారలు బయటికొస్తాయి. ఆ నారలే పుటను పట్టుకుంటాయి. గోధుమ పిండిలోని గంజి మాత్రమే తీసి కాచిన జిగురు, అదీ చాలా పల్చగా, కుంచెతో. పైన బ్లాటింగు కాగితం, దాని మీద బరువు. ఆరాక వెలుతురుకు పట్టి చూస్తే తప్ప అతుకు కనిపించదు. రేపు ఇంకొకరు వచ్చి విప్పాలన్నా తడితో విడిపోతుంది.

దీని బదులు సెల్లోటేపు వేసేవాళ్లను ఏమనాలి? పదేళ్లకు జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాల్లోకి ఇంకుతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది. ఒక కళాశాలలో, పేరెందుకు లెండి, లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ పోస్టు నింపకుండా బాధ్యత ఒక లెక్చరరుకు అదనంగా అంటగట్టారు. నేను వెళ్లేసరికి పాత తెలుగు పాటల పుస్తకాల వెన్నులన్నీ గోధుమరంగు ప్యాకింగు టేపుతో మెరుస్తున్నాయి. కార్డు కేటలాగు డ్రాయర్లు వరండాలో, కార్డుల వెనక వైపు చిత్తు లెక్కలు.

ఆ కార్డుల్లో "ఇది కూడా చూడుము" అని చేత్తో రాసిన వరసలు ఉంటాయి. ఒకే రచయిత మూడు స్పెల్లింగులతో అచ్చయితే మూడింటినీ ఒక్కచోటికి తెచ్చిన కష్టం అది. కంప్యూటరు మీద నాకు పగ లేదు. కంప్యూటరు కేటలాగులోకి ఆ వరసలు ఎక్కించకుండా పేరూ ధరా మాత్రం కొట్టి "డిజిటల్ లైబ్రరీ ప్రారంభం" అని రిబ్బను కత్తిరించడం మీదే నా పగ. అంతకన్నా అన్యాయం పెన్‌డ్రైవు లైబ్రరీలు. వేల పుస్తకాలున్నాయంటూ చేతులు మారుతుంటాయి. తెరిచి చూస్తే స్కానింగులో సగం పేజీ వేలి కింద పోయి, ఫైలు పేరు అంకెలే అయి, రెండో సంపుటం ఉంటే మొదటిది లేకుండా ఉంటుంది. దానిలో వెతకలేం, దాన్ని నమ్మి ఉటంకించలేం. ఇక పాస్టరుగారి గదిలో అద్దాల బీరువా నిండా బంగారు అక్షరాల సెట్లు, ఒక్క పుటా తిరగనివి. ఫొటోకు బాగుంటాయి.

సంఘాల పెద్దలకు, డయోసిస్ కమిటీలకు నా మనవి ఇది. కొత్త హాలుకు గ్రానైటు వేయించే ముందు లైబ్రేరియన్ పోస్టు నింపండి. లైబ్రరీ సైన్సు చదివి, కొంచెమైనా గ్రీకు హెబ్రీ అక్షరాలు గుర్తుపట్టగల మనిషిని తీసుకుని, అధ్యాపకుడి జీతం ఇవ్వండి. జీతం సగం చేసి, గౌరవం నోటిమాటగా ఇస్తే ఎవరొస్తారు?

ఇంట్లో పాతపుస్తకాలున్నవాళ్లకు ఇంకో మాట. తాతగారో నాన్నగారో పాస్టరుగా చేసి పోయాక బీరువా ఖాళీ చేయాలనిపిస్తుంది. పాత పేపర్లవాణ్ని పిలిచే ముందు దగ్గర్లోని సెమినరీకి ఫోన్ చేయండి. ఇంగ్లీషు వ్యాఖ్యానాలు ఎక్కడైనా దొరుకుతాయి. సంఘ పత్రికలు, జూబిలీ సంచికలు, బాప్తిస్మపు రిజిస్టర్ల నకళ్లు, చేతిరాత ప్రసంగాల నోటుపుస్తకాలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాత ముద్రణలు దొరకవు. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి పాటల్లో ఏ ముద్రణలో ఏ చరణం మారిందో చెప్పాలంటే ఆ ముద్రణలన్నీ పక్కపక్కన ఉండాలి కదా. అట్ట ఊడినా ఫర్వాలేదు, టైటిల్ పేజీ ఉంటే చాలు. ఊడిన పుటలను ఒక కవరులో వరసగా పెట్టివ్వండి. అంటించడానికి మాత్రం టేపు జోలికి పోకండి.