కబురు వేరు, కరెంటు వేరు

చలి ముదిరితే మా ఎర్రగడ్డలో ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం. అందరికీ గీజర్ పనే. ఈమధ్య దానికి కొత్త కోరిక ఒకటి తోడైంది: గీజర్ ఫోన్‌తో నడవాలి, తెల్లవారుజామున ఐదింటికి దానంతటదే వెలగాలి, నీళ్లు కాగాక ఆరిపోవాలి. మంచి కోరికే. వైరింగ్ పని నాకు ప్రాణం కాబట్టి ఇలాంటివి ఎక్కడ బిగిస్తున్నా వెళ్లి చూస్తాను.

ఇంగ్లండ్‌లో మా మేనల్లుడి ఇంట్లో బాయిలర్‌కు వైర్‌లెస్ థర్మోస్టాట్ పెడుతున్నప్పుడు వీడియో కాల్‌లో చూపించాడు. అక్కడ 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించే ప్రతి గ్యాస్ బాయిలర్‌కూ వేళనూ వేడినీ అదుపుచేసే ఏర్పాటు తప్పనిసరి. హాల్లో బ్యాటరీలతో నడిచే చిన్న డబ్బా గది వేడిని కొలుస్తుంది. బాయిలర్ పక్కన గోడకు రిసీవర్ ఉంటుంది. ఆ రిసీవర్ నుంచి బాయిలర్‌కు వెళ్లేవి చూసి వాడికి నమ్మకం కుదరలేదు.

"ఇంత పెద్ద బాయిలర్‌కి ఈ రెండు సన్న తీగలేనా మామయ్యా?"

"అవి మోసేది కబురే కదరా!" అన్నాను.

బాయిలర్ లోపల థర్మోస్టాట్ కోసం రెండు టెర్మినళ్లుంటాయి. కొత్తలో వాటిని చిన్న తీగముక్కతో కలిపి ఉంచుతారు. ఆ ముక్క తీసేసి, రిసీవర్‌లోని 'కామన్', 'నార్మల్లీ ఓపెన్' కొనలను అక్కడ కలపాలి. గది చల్లబడితే రిసీవర్‌లో రిలే 'టక్' మని కలుస్తుంది. "మంట వెలిగించు" అన్న కబురు అందుతుంది. మంటను, పంపును, బర్నర్‌కు పోయే గ్యాసును బాయిలరే చూసుకుంటుంది. ఇందులో మెలిక ఒకటే. కొన్ని బాయిలర్లలో ఆ టెర్మినళ్లు 24 వోల్టులవి. అక్కడ 230 వోల్టులు తగిలితే బోర్డు కాలిపోతుంది. అందుకే బాయిలర్ పుస్తకం చదవకుండా స్క్రూ విప్పకూడదు. గ్యాసు జోలికి పోవాలంటే అక్కడ 'గ్యాస్ సేఫ్' రిజిస్టర్లో పేరున్న పనివాడే రావాలి.

మన గీజర్ సంగతి అలా కాదు. ఫోన్‌తో నడిచే స్విచ్చి ఇక్కడ కబురు చెప్పి ఊరుకోదు, బరువంతా తనే మోస్తుంది. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్లదైతే 13. దీపాలకూ ఫ్యాన్లకూ సరిపోయే స్మార్ట్ ప్లగ్గును తెచ్చి గీజర్‌కు తగిలిస్తే నెలలు తిరక్కుండా కాంటాక్టులు మాడి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో 'ఆఫ్' అని కనిపిస్తుంది, ట్యాంకులో నీళ్లు కాగుతూనే ఉంటాయి. 16 ఆంపియర్లది, గీజర్లకు పనికొస్తుందని రాసి ఉన్నది మాత్రమే కొనాలి.

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. ఇలాంటి స్విచ్చిలు చాలావరకు ఒక తీగనే తెంచుతాయి. పాత ఇళ్లలో ప్లగ్ పాయింటు వెనక ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే అవి తెంచేది న్యూట్రల్‌ను. గీజర్ ఆరిపోయినట్టే ఉంటుంది, ఎలిమెంట్‌లో మాత్రం ఫేజు ఉంటుంది. అందుకే రెండు తీగలనూ ఒకేసారి తెంచే 20 ఆంపియర్ల డీపీ స్విచ్చి బాత్‌రూం బయట ఉండి తీరాలి. మా వైపు పాత అపార్ట్‌మెంట్లకు ఇది మరీ ముఖ్యం.

లోపలి థర్మోస్టాట్‌నూ కటౌట్‌నూ తక్కువగా చూడొద్దు. నీళ్లు కాగగానే ఆపేది థర్మోస్టాట్. అది పాడైతే ఆఖరి కాపలా కటౌట్. "ఫోన్‌లో టైమర్ ఉందిగా" అంటూ కటౌట్‌ను తప్పించి నేరుగా తీగ కలిపేసే పనివాళ్లున్నారు. అది ఘోరం. టైమర్‌కు తెలిసింది గడియారమే, నీటి వేడి దానికెలా తెలుస్తుంది? ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పనిముట్లు ఎన్నయినా కొనండి, నేనూ కొంటాను. థర్మోస్టాట్, కటౌట్ మాత్రం కొత్తవే వేయించండి. బోరు నీళ్లయితే ఎలిమెంట్‌కు సున్నపు పొర కడుతుంది కాబట్టి ఏటా ఒకసారి విప్పి చూడాలి.

టైమర్‌తో లాభం నిజమే. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.7 యూనిట్, 2000 వాట్లతో ఇరవై నిమిషాల పని. రోజుకు రెండుసార్లు కాచినా నెలకు 40 యూనిట్లు దాటుతుంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు మించితే జీరో బిల్లు పోతుంది. మరిచిపోయి రోజంతా వదిలేసిన గీజర్ ఆ గీత దాటించగలదు.

2022 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే బాత్‌రూంలో గీజర్ షాక్ కొట్టి యువ దంపతులు చనిపోయారన్న వార్త చదివాను. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా ముందు ఎర్తింగ్ గురించే అడుగుతున్నాను. ఫోన్ స్విచ్చికి డబ్బు తీసేముందు మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించండి, మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అదివరకే ఉంటే దాని మీది టెస్ట్ బటన్ ఇవాళే నొక్కి చూడండి. పడిపోకపోతే వెంటనే మార్పించండి.