బోనమెత్తిన మెడ

పోచమ్మ గుడికి బోనమెత్తుకొని పోయే ఆడబిడ్డను పక్క నుంచి చూడండి. చెవి, భుజం, తుంటి ఒకే నిలువు గీతలో ఉంటాయి. ఫిజియోథెరపిస్టులు నేర్పేది ఆ నిలకడనే. జనగామ పల్లెల్లో దానికి పాఠాలేమీ ఉండవు. తల ముందుకు వాలితే కుండ నిలవదు, అంతే.

నేర్పు చుట్టబట్టతోనే మొదలవుతుంది. పాత చీర ముక్కను మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి నడినెత్తిన పెడతారు. అది నుదుటి వైపు జరిగితే తల వెనక్కి వంచాల్సి వస్తుంది, వెనక్కి జరిగితే ముందుకు. నిండు బోనాన్ని ఇంకొకరు అందుకొని నెత్తిన పెడితేనే మెడకు క్షేమం. ఇక చూపు పాదాల మీద కాదు, దారి మీద. పక్కకు చూడాలంటే మెడ ఒక్కటే తిరగదు, ఒళ్లంతా తిరుగుతుంది. అడుగు అదిరితే మోకాళ్లు, నడుము ఆ కుదుపును తీసుకుంటాయి. పైనున్న దీపం కొండెక్కకుండా గుడిదాకా చేరేది అందుకే.

నెత్తిన మోసేది బోనం ఒక్కటే కాదు. మహబూబాబాద్ తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ నారు పెంచి, ఆ బుట్టలను నెత్తిన పెట్టుకొని నిమజ్జనానికి నడుస్తారు. మేడారం జాతరలో బంగారం, అంటే బెల్లం, గద్దెల దాకా తల మీదే పోతుంది.

పైన ఏమీ లేకున్నా మనిషి తల బరువే సుమారు 5 కిలోలు. నిటారుగా ఉంటే మెడలోని 7 ఎముకలు దాన్ని ఒకదాని మీద ఒకటిగా మోస్తాయి. గొంతు వెనక లోపలగా ఉండే సన్న కండరాలు వాటిని కుదురుగా పట్టి ఉంచుతాయి. తల ముందుకు వాలిందా, ఆ సన్న కండరాలు పని మానేసి నీరసిస్తాయి. భారమంతా వెనకనున్న ట్రెపీజియస్ మీద, రెక్క ఎముకను పైకి లాగే లెవేటర్ స్కాపులే మీద పడుతుంది. ఈ రెండూ మెడను భుజానికి కట్టేవే. తప్పు తలది, నొప్పి జబ్బది! చెయ్యి పైకెత్తినప్పుడు రెక్క ఎముక సాఫీగా తిరగకపోవడానికీ ఇదొక కారణం. 60 డిగ్రీలు వంగితే మెడపై దాదాపు 27 కిలోల భారం పడుతుందని 2014లో ఒక అమెరికన్ వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. అది కంప్యూటర్ నమూనా అంచనాయే అయినా, ఫోన్ చూసేటప్పుడు మనం వంగేదీ తక్కువేమీ కాదు.

కెన్యాలో లువో స్త్రీలు తల మీద, కికూయు స్త్రీలు నుదుటి పట్టీతో వీపు మీద తమ బరువులో ఐదో వంతు దాకా మోసినా అదనపు శక్తి ఖర్చు కావడం లేదని 1986లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అది చదివి నెత్తిమోతను పొగడటం నాకు ఇష్టం లేదు. పండుగనాటి బోనం వేరు, ఏళ్ల తరబడి మోసే కట్టెలమోపు వేరు. మోపు బరువు మెడ ఎముకల మధ్య డిస్కులను అరగదీస్తుంది. బోనం నుంచి తీసుకోవాల్సింది బరువును కాదు, నిలకడను.

మెడనొప్పి చేతిలోకి పాకుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఈసారి బోనం ఇంట్లో మరొకరికి అప్పగించి డాక్టరుకు చూపించుకోండి. మిగతావాళ్లు ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకుంటే చాలు.