చూచుట – కనుట : ఒక అర్థవిచారం

ఆంగ్ల ‘సీ’ క్రియకు చూడటమే కాక గ్రహించడమనే అర్థమూ ఉంది. తెలుగులో దానికి సమీపమైనది ‘చూచు’ కాదు, ‘కను’. ఇది తమిళ ‘కాణ్’కు సజాతీయం. ‘చూచు’ ప్రయత్నాన్ని, ‘కను’ ఫలాన్ని తెలుపుతాయి. అందుకే ‘చూశాను, కనబడలేదు’ అనడంలో వైరుధ్యం లేదు. వేదాద్రి పంచనారసింహులలో సాలగ్రామమూర్తి కృష్ణాగర్భంలో ఉన్నట్లు క్షేత్రసంప్రదాయం. నదిని చూచిన వారందరూ ఆ మూర్తిని కనలేరు.

ప్రసవార్థక ‘కను’ వేరు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దానిని దూడ అనే అర్థంగల తమిళ ‘కన్ఱు’తో చేర్చింది. కావున, కవి లోకాన్ని ‘కంటాడు’ అంటూ దర్శనాన్నీ సృష్టినీ ఒకే ధాతువుకు ముడిపెట్టే విమర్శ, శ్లేషను వ్యుత్పత్తిగా పొరబడుతోంది. శ్లేషగా అది రమణీయమే. ప్రమాణంగా మాత్రం నిలువదు.