గొంతును తూకం వేస్తారా?

పోయినేడు సద్దుల బతుకమ్మనాడు మా గోదావరిఖని క్వార్టర్ల ముందు ఓ చిత్రం జరిగింది. ఏటా పాట ఎత్తుకునే మా వదిన చప్పట్లు కొట్టి ఊరుకుంది. అంతకు కొన్ని నెలల ముందే ఆవిడ హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. మోకాళ్ల నొప్పులు తగ్గాయి, చీరకు కుచ్చిళ్లు రెండు ఎక్కువ వస్తున్నాయి. పాట మాత్రం రాలేదు. "ఎత్తుకుందామంటె కడుపుల పట్టు దొరుకుత లేదు. కింద నేల లేనట్టుంటాంది" అంది నాతో. పక్కింటావిడ మాత్రం, "సన్నగైతే అయ్యింది గని గొంతు పోయింది" అని తీర్పు చెప్పేసింది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే అమెరికా గాయని డెబొరా వోయ్ట్ ఆత్మకథ "కాల్ మీ డెబ్బీ" పట్టుకుని కూర్చున్నాను. 2015లో వచ్చిన పుస్తకం. ఈవిడ పాడేది ఒపేరా. మన పద్యనాటకం లాంటిదే అనుకోండి. కాకపోతే మైకు ఉండదు. వాద్యబృందం హోరును దాటి, ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా గొంతు వినిపించాలి.

2004లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాల ఈవిడను "అరియాడ్నే" పాత్ర నుంచి తప్పించింది. అపస్వరం పలికినందుకు కాదండోయ్! ఆ పాత్రకు అనుకున్న చిన్న నల్ల గౌను ఆవిడ ఒంటికి నప్పదని. ఆ ఏడే ఆవిడ కడుపు ఆపరేషన్ చేయించుకుంది. నూరు పౌన్ల పైన, అంటే మన లెక్కన నలభై అయిదు కిలోలకు మించి తగ్గింది. 2008లో అదే వేదిక మీద, అదే పాత్ర పాడింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ అసలు పేచీ అప్పుడే మొదలైంది. గొంతులో వెనకటి వెచ్చదనం లేదనీ, పదునెక్కి పలచబడిందనీ కొందరు విమర్శకులు రాశారు. ఒళ్లు తగ్గితే గొంతూ తగ్గిందన్నమాట!

నేను పాత రికార్డులూ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. విమర్శకులది ఉత్త అబద్ధమని అనలేను. మధ్య స్థాయిలో ఆ వెనకటి నిండుతనం కొంత తగ్గిన మాట నిజం. కానీ ఆవిడ పుట్టింది 1960లో. ఆపరేషన్ నాటికి నలభై దాటాయి. ఆ తరువాత న్యూయార్కు మెట్రోపాలిటన్ వేదిక మీద వాగ్నర్ నాటకాల్లో బ్రూన్‌హిల్డె వంటి మహా బరువైన పాత్ర నెత్తికెత్తుకుంది. వయసెంత, పాత్ర బరువెంత, ఆపరేషనెంత అని ఎవరు విడదీసి తూచగలరు? పావరోట్టి భారీకాయాన్ని చూసి లోకం ముచ్చటపడిందే గాని, ఆయనకెవరూ గౌను కొలతలు తీయలేదు. వోయ్ట్ లావుగా ఉన్నప్పుడూ కంటితోనే విన్నారు, సన్నబడ్డాకా కంటితోనే విన్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. వెనక ఒంటి బరువే పాటకు ఆనికగా ఉండేదట, ఊపిరి పట్టు తనంత తానే వచ్చేదట. ఇప్పుడు పొట్ట కండరాలను పనిగట్టుకుని బిగించాలట. ఇది మా వదిన మాటే కదూ! లండన్ వేదికకూ మా క్వార్టర్ల వాకిలికీ ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని నేననుకోలేదు.

పుస్తకంలో లోటు కూడా ఇక్కడే ఉంది. ప్రేమల గురించీ, తాగుడుకు బానిసై బయటపడటం గురించీ ఆవిడ దాపరికం లేకుండా రాసింది. కడుపు చిన్నదైనా లోపలి ఆకలి చిన్నది కాలేదని ఒప్పుకోవడానికి గుండె ఉండాలి. కానీ ఊపిరిని మళ్లీ ఎలా కూడగట్టుకుందో ఇంకో పది పేజీలు రాసి ఉంటే మా వదిన లాంటివాళ్లకు పనికివచ్చేది. ఆపరేషన్లలో కొన్ని రకాల తరువాత పులితేన్పులు ఎక్కువై గొంతు బొంగురుపోవచ్చు. అలాంటిదేదైనా ఉంటే డాక్టరుకు చెప్పుకోవాలి గాని, గొంతు పోయిందని దిగులుపడి కూర్చోకూడదు.

ఈ ఏడంతా వదిన రోజూ సాయంత్రం వంట పొయ్యి మీద పడేసి, నిటారుగా కూర్చుని ఊపిరి నిలబెట్టడం సాధన చేసింది. శ్రుతి కాస్త దించుకుంది. మొన్న బతుకమ్మకు రెండు పాటలు ఎత్తుకుంది. అది పాత గొంతు కాదు. రెండో పాటలో ఒకచోట ఊపిరి చాలక ఆగింది కూడా. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లతో అందుకున్నారు, పక్కింటావిడతో సహా.

ఆ రాత్రి వదినకు వోయ్ట్ కథ చెప్పాను. అంతా విని, "ఆ గౌను పట్టలేదన్న స్టేజి మీదికి మల్ల ఎన్నేండ్లకొచ్చింది?" అంది.

"నాలుగేళ్లకు."

"అయితె నేనే నయం, ఏడాదికే ఒచ్చిన" అని నవ్వింది.