పెళ్లి ఫోటోల కాపలాదారు

ఆనందపురం పూల మార్కెట్ నుంచి బంతి, చామంతి బుట్టలు పందిళ్లకు చేరే వేళకే ఫోటోగ్రాఫర్ మెమరీ కార్డులు ఖాళీ చేసుకుని సిద్ధంగా ఉంటాడు. నాకు మాత్రం అతను భోజనాల వేళ చేసే పని మీదే గౌరవం ఎక్కువ. అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటే, తను ఓ మూల కార్డులోని ఫైళ్లను అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కిస్తుంటాడు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ దాటొచ్చు. ఇదే పనికి 2004లో వచ్చిన ఎప్సన్ పీ-2000 అనే చేతి పరికరంలో మొత్తం చోటే 40 జీబీ, అయినా 3.8 అంగుళాల తెర మీద ఫోటో తెరిచి చూసుకునే వీలుండేది.

ఆ తెరిచి చూడటమే అసలు పనితనం. మూడుముళ్లు మళ్లీ వేయించలేం కదా! అందుకే కాపీ అయిందని నమ్మేయకుండా జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ ఫోటోలు పెద్దవి చేసి చూస్తాడు. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయడు. రెండో ప్రతి వేరే డిస్కులో, సహాయకుడి సంచిలో, వేరే బండి మీద వెళ్తుంది.